ఎడమ దవడ మూల

మంచు మీద జారి బోర్లా పడినవాడికి గడ్డం పగులుతుంది. గడ్డానికి తగిలిన దెబ్బ ఎముక వెంట పైకి పాకి, చెవుల ముందుండే కీళ్ళను విరుస్తుంది. అరచేతులు గీసుకుపోతాయి. పడేవాడెవడైనా ముందు చేతులే పెడతాడు.

కంప్యూటర్ తెర మీదున్న ఎక్స్‌రేలో కీళ్ళు రెండూ భద్రంగా ఉన్నాయి. గడ్డం నిక్షేపంగా ఉంది. ఎడమ దవడ మూల దగ్గర, అడ్డంగా పడుకున్న జ్ఞానదంతాన్ని ఆనుకుని, ఎముక మాత్రం రెండుగా చీలింది. కుడివైపు ముందుపళ్ళ కింద మరో సన్నటి చీలిక.

డాక్టర్ పద్మిని తెర మీద నుంచి చూపు తిప్పి మంచం మీదున్న కుర్రాడి చేతులు పట్టుకుంది. అరచేతులు పైకి తిప్పింది. శుభ్రంగా ఉన్నాయి. అల్లం వెల్లుల్లి వాసన వేస్తున్నాయి.

"ఎలా పడ్డావు?" అంది తెలుగులో.

తెలుగు వినగానే కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై రెండేళ్ళుంటాయి. పేరు వికాస్. కాలేజీలో సప్లై చైన్ డిప్లొమా, రెండో సెమిస్టర్. చలికోటు గుండీల సందులోంచి వంట ఏప్రన్ కనిపిస్తోంది.

"ఐస్ మీద జారిన అక్కా," అన్నాడు, దవడ కదపకుండా. "గంతే."

"ఎక్కడ?"

"బస్‌స్టాప్ కాడ."

నర్సు రాసుకున్న కాగితంలోనూ అదే ఉంది. ఆదివారం ఉదయం పది గంటలు. ఎవరో కారులో తెచ్చి ఎమర్జెన్సీ తలుపు దగ్గర దింపి, ఆగకుండా వెళ్ళిపోయారని కూడా ఉంది.

పద్మిని మళ్ళీ ఎక్స్‌రే వైపు చూసింది. కింద కుడివైపు పెద్ద పన్ను వేరులో తెల్లటి ముక్క ఒకటి వెన్నెల్లో గాజుపెంకులా మెరుస్తోంది. రూట్ కెనాల్ చేస్తుండగా విరిగి లోపలే ఉండిపోయిన సూది మొన.

"ఈ పన్ను ఎక్కడ చేయించావు?"

"జగిత్యాలల. ఫ్లైట్‌కు నాలుగు రోజుల ముంగట. ఈడ పన్ను ముట్టుకుంటే మస్తు ఖర్చని అందరు చెప్పిన్రు. ఒక్కపూటల మూడు చేసిండు డాక్టరు."

ఈ నోళ్ళు ఆమెకు కొత్త కాదు. ఈ రెండేళ్ళలో వారానికి ఐదారు చూస్తోంది. వీసా స్టాంప్ పడగానే సూట్‌కేసులు, కుక్కరు, పచ్చళ్ళు. చివరి వారంలో పళ్ళు. ఊళ్ళో డాక్టరును తొందరపెట్టి చేయించుకున్న రూట్ కెనాల్స్, కెనడాకి వచ్చాక, ఈ హామిల్టన్ చలిలో ఒక్కొక్కటీ బయటపడతాయి.

కానీ ఇది పన్ను సంగతి కాదు. ఆమె కుర్రాడి ఎడమ చెంప మీదకు దీపం తిప్పింది. వాపు మధ్యలో చిన్న గాటు. చదరంగా ఉంది. గోరంత చదరం.

"తమ్ముడూ, ఐస్‌కి మూలలుండవు," అంది నెమ్మదిగా. "ఇది ఉంగరం. నీ ఎదురుగా నిలబడ్డవాడు కుడిచేత్తో కొట్టాడు. ఒక్కటే దెబ్బ. అవునా?"

వికాస్ తలుపు వైపు చూశాడు. తర్వాత ఆమె మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు మీద పేరు చదువుకున్నాడు.

"అక్కా, ఒట్టు పెట్టు. ఎవ్వలికి చెప్పనని."

అప్పుడు ఆమె చేసిన మొదటి తప్పు ఆ ఒట్టు. డాక్టర్లు ఒట్లు పెట్టరు. అక్కలు పెడతారు. పద్మిని అతని నెత్తి మీద చెయ్యి పెట్టింది.

అతను చెప్పాడు. ఊరికి పైన, అందరూ మౌంటెన్ అనే గుట్ట మీద అమరేశ్వరరావు బాంక్వెట్ హాలు. కాగితం మీద వారానికి ఇరవై గంటలు, స్టూడెంట్ పర్మిట్‌కి అదే హద్దు. అసలు పని నలభై అయిదు. ఆ రోజు మధ్యాహ్నం హాల్లో సీమంతం, మూడు వందల మంది. సోమవారం వికాస్‌కు మిడ్‌టర్మ్.

"పన్నెండింటికి పోత సార్, రేపు పరీక్ష అన్న. కూలర్ రూమ్‌లకు రమ్మన్నడు. పెరుగు బకెట్లు తియ్యాలె గావచ్చనుకున్న. లోపల తలుపేసిండు. 'నీకు వీసా లెటర్ కోసం నా గుమ్మం తొక్కినప్పుడు గుర్తు లేదారా పరీక్ష?' అన్నడు. నేను, 'గుర్తున్నది సార్, అందుకే పోతున్న' అన్న. అంతే."

"ఆ మాట బాగుంది," అంది పద్మిని.

వికాస్ నవ్వబోయి మూలిగాడు. "దెబ్బ ఇంక బాగుండె అక్కా."

*

పద్మినికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. విజయవాడలో దంతవైద్యం చదివింది. ఆ పైన మూడేళ్ళు నోరు, దవడ, ముఖం ఎముకల సర్జరీలోనే పీజీ చేసింది. టూవీలర్ల మీద నుంచి ఎగిరిపడి పగిలిన ముఖాలు వందల్లో అతికించింది. కెనడాలో దిగాక అవేవీ లెక్కలోకి రాలేదు. మూడేళ్ళు ఒక క్లినిక్‌లో పనిముట్లు కడుగుతూ, మామూలు పంటి డాక్టరుగా పనికొస్తానని రుజువు చేసుకోవడానికి పరీక్షలు రాసింది. ఆ తర్వాత సర్జరీ ట్రైనింగ్‌కి అప్లై చేసింది. దేశం మొత్తం మీద ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని సీట్లు. రెండుసార్లు రాలేదు.

మూడోసారి వచ్చింది, డాక్టర్ కాశీవిశ్వనాథం వల్ల.

ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్. రాజమండ్రి మనిషి. ముప్ఫై అయిదేళ్ళ క్రితం వచ్చి, ఇక్కడే మొదటి నుంచీ చదివి, ఇక్కడివాళ్ళ కంటే మేలనిపించుకున్నాడు. ఇంటర్వ్యూ కమిటీలో అందరూ ఆమె వయసు గురించి మాట్లాడుతుంటే, "వయసు కాదు, చేతులు చూడండి. నేను చూశాను," అన్నాడట. ఆ మాట పద్మినికి ఎవరో చేరవేశారు. అప్పటి నుంచి ఆయన ముందు కుర్చీలో వెనక్కి వాలి కూర్చోలేదు ఆమె.

ట్రైనింగ్ ఇంకా నాలుగు నెలలు. జూన్‌లో స్పెషలిస్ట్ పరీక్ష. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఆయన సంతకంతో ఫైనల్ రిపోర్టు వెళ్ళాలి.

ఆ ఆదివారం సాయంత్రం వరకూ ఆమె వికాస్ మంచం దగ్గరకు నాలుగుసార్లు వెళ్ళింది. ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఉంటుందని, పేరు లిండా అని, ఎన్ని గంటలు పనిచేశావని ఆవిడ అడగదని చెప్పింది. పని దగ్గర దెబ్బ తగిలితే డాక్టరు నింపి పంపే ఫారం ఒకటుందని, అది వెళ్తే చికిత్సా జీతమూ వస్తాయని చెప్పింది. కాలేజీకి లెటర్ ఇప్పిస్తే మిడ్‌టర్మ్ మళ్ళీ రాయొచ్చని చెప్పింది.

నాలుగోసారి వికాస్ ఒప్పుకున్నాడు.

"కానీ రేపు ఆపరేషన్ అయినంక నా నోరు కట్టేస్తరు గద అక్కా. నేనెట్ల చెప్పాలె?"

"నువ్వు నా వైపు చూడు చాలు. నేను చెప్తాను."

"ఇంగ్లీషుల మంచిగ చెప్పు. నాకు కోపమొస్తే గ్రామర్ పోతది."

"చెప్తాను."

ఆమె లిండాకు ఫోన్ చేసింది. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకంటే ముందు ఆవిడకు వీల్లేదు. ఫారం సగం నింపి జేబులో పెట్టుకుంది. 'గాయం ఎలా అయింది' అన్న గడి మాత్రం ఖాళీగా ఉంచింది. అతని ముందే నింపాలనుకుంది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

*

సోమవారం ఉదయం ఏడున్నర. ఆపరేషన్ థియేటర్ బయట, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. మోచేతుల దాకా నురగ. కాశీవిశ్వనాథం గోళ్ళ కింద బ్రష్‌తో ఒక్కో వేలికీ సమానంగా రుద్దుతున్నాడు.

"ఎక్స్‌రే చూశాను," అన్నాడు. "ఐస్ మీద పడ్డాడని రాశారేంటి? ఎవరు రాశారు?"

పద్మినికి గుండె నిండింది. ఒక్క చూపులో పట్టేశాడు. ఆయన కళ్ళకు దొరకనిది లేదు.

లిండా ఉంది. ఫారం ఉంది. ఆస్పత్రికి ఒక పద్ధతి ఉంది. అయినా ఆమెకు ఆ క్షణాన తోచింది ఒకటే: మనవాళ్ళ గొడవ, మన పెద్దాయన ఉన్నాడు, ఒక మాట ఆయన చెవిన వేస్తే బలం. గుంటూరులో అయినా గుడివాడలో అయినా ఆమె అదే చేసేది. ఒట్టు సంగతి గుర్తొచ్చింది. సార్‌కి చెప్తే ఒట్టు తప్పినట్టు కాదనిపించింది.

చెప్పింది. మొత్తం చెప్పింది.

ఆయన బ్రష్ ఆగలేదు. "ఏ హాలు?" అని మాత్రం అడిగాడు.

"అమరేశ్వరరావు గారిది సార్."

చిటికెన వేలు. తర్వాత బొటన వేలు. నీళ్ళు మోచేతి నుంచి కారిపోయేదాకా చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

"లిండా ఎన్నింటికి వస్తానంది?"

"రెండింటికి."

"నాకు చెప్పి మంచి పని చేశావమ్మా," అన్నాడు. "నేను చూసుకుంటాను."

ఆ రోజు ఆపరేషన్ ఆమె చేతనే చేయించాడు. ఎదురుగా నిలబడి దవడ పట్టుకున్నాడు. ఆమె చీలికలో చిక్కుకున్న జ్ఞానదంతాన్ని తీసేసింది. పై పళ్ళనూ కింది పళ్ళనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి తీగలతో కట్టింది.

"ముందు పళ్ళు కలవాలి," అన్నాడు ఆయన ఎప్పటిలాగే. "పళ్ళు కలిస్తే ఎముక దానంతటదే దారికొస్తుంది."

ఎముక దారికొచ్చింది. వెంట్రుకంత సందు కూడా లేకుండా అతుక్కుంది. ఆమె సన్నటి ప్లేటు పెట్టి స్క్రూలు బిగించింది. తీగలు రెండు వారాలు ఉంచాలని నిర్ణయించారు.

"ఈ ఇరవై ఏళ్ళలో నా దగ్గర ట్రైన్ అయినవాళ్ళెవరూ ఇంత శుభ్రంగా చెయ్యలేదు," అన్నాడు కాశీవిశ్వనాథం, మాస్కు కిందికి లాగి. "నిన్ను తీసుకున్నందుకు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు."

పద్మిని సిగ్గుపడింది. అది తలుచుకుంటే తర్వాత చాలాకాలం ఆమెకు ఒళ్ళు మండేది.

*

పళ్ళు కట్టేసిన రోగి మంచానికి తీగలు కోసే కట్టింగ్ ప్లయర్ ఒకటి వేలాడదీస్తారు. వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా క్షణాల్లో తీగలు కోసి నోరు తెరవాలి. ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా అది రోగి వెంటే వెళ్తుంది. పద్మిని దాన్ని తన చేత్తోనే వికాస్ మంచానికి కట్టింది.

రెండింటికి పది నిమిషాల ముందు ఆమె వార్డులోకి వచ్చేసరికి మంచం పక్కన కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చలువచేసిన చొక్కా, నుదుట కుంకుమ. ఒళ్ళో స్టీలు ఫ్లాస్కు. గ్లాసులో చారు వంపి, స్ట్రా పెట్టి, వికాస్ పెదాలకు ఆనిస్తున్నాడు.

"తాగు నాన్నా. మిరియాల చారు. మీ ఆంటీ పొద్దున్నే లేచి నీకోసమే పెట్టింది."

వికాస్ తాగడం లేదు. స్ట్రా అతని వాచిన పెదాల మీద నుంచి జారిపోతోంది. కుడిచేయి దుప్పటి కింద ఉంది. మంచానికి వేలాడాల్సిన ప్లయర్ అక్కడ లేదు.

"డాక్టరమ్మేనా?" అన్నాడు పెద్దమనిషి లేచి, చెయ్యి చాస్తూ. "అమరేశ్వరరావునమ్మా. మన కాశీ చెప్పాడు, మీరు చేతులు పెడితే ఎముకే మాట వింటుందట! చూడండి ఈ పిల్లవాడి కర్మ. బూట్లు మంచివి కొనుక్కోరా అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో."

అలవాటుగా ఆమె చెయ్యి ముందుకు వెళ్ళింది. ఆయన ఉంగరం ఆమె వేళ్ళకు చల్లగా తగిలింది. పచ్చరాయి. చదరం. గోరంత.

వికాస్ ఆ చేతుల వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ఆయన ఇక్కడికి ఎలా వచ్చాడో అతనికి అర్థమైపోయింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ ఆస్పత్రిలో ఒక్కతే.

"పద్మినీ, ఒక్క నిమిషం," అన్నాడు తలుపు దగ్గర నుంచి కాశీవిశ్వనాథం.

కారిడార్‌లో ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు.

"ఆ ఫారం వెళ్ళిందనుకో. ముందు ఎవరు పోతారు? అమరేశ్వరరావా? వాడికి లాయరున్నాడు. ఈ కుర్రాడు పోతాడు. ఇరవై గంటలు దాటి పనిచేశాడు. పర్మిట్ పోతుంది. వాళ్ళ నాన్న పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయిట. నీ నీతి కోసం వాణ్ణి విమానం ఎక్కిస్తావా?"

"లిండా ఆ విషయం అడగదు సార్. నేను కనుక్కున్నాను."

"లిండా అడగదు. లిండా తర్వాత వచ్చేవాడు అడుగుతాడు. అమరేశ్వరరావు ఖర్చులన్నీ పెట్టుకుంటానన్నాడు. మళ్ళీ చెయ్యి ఎత్తనని నా ముందు ఒట్టేశాడు. మనలో మనం తేల్చుకున్నాం. అయిపోయింది."

"వికాస్‌ని అడిగారా సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీ ఫైనల్ రిపోర్టు నా టేబుల్ మీదే ఉంది. ఇంకా మొదలుపెట్టలేదు. ఆ మాటకూ ఈ మాటకూ ముడిపెట్టే మనిషిని కాదు నేను. నీకు తెలుసు."

"తెలుసు సార్."

"అదే."

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లిండా వచ్చింది. చంకలో ఫైలు, చేతిలో చల్లారిపోయిన కాఫీ. ఆ పూట చూడాల్సినవాళ్ళు ఇంకా ఎనిమిది మంది ఉన్నారని నవ్వుతూ చెప్పింది. లోపలికి రాగానే అమరేశ్వరరావును బయట కూర్చోమంది. ఆయన ఫ్లాస్కు మూత బిగించి, వికాస్ తల నిమిరి వెళ్ళాడు. కాశీవిశ్వనాథం మాత్రం సర్జన్ హోదాలో కిటికీ దగ్గర నిలబడ్డాడు.

లిండా కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడమరిచి అడిగింది.

"వికాస్, ఈ దెబ్బ నీకు ఎవరైనా కొట్టడం వల్ల తగిలిందా?"

వికాస్ ఆమెను చూడలేదు. పద్మినిని చూశాడు. ముందురోజు అనుకున్నట్టే. చారు తెచ్చిన మనిషిని చూశాక కూడా, ఆమె చేతులు కలపడం చూశాక కూడా, ఆ కుర్రాడు ఆమెకు ఇంకో అవకాశం ఇచ్చాడు. వేలెత్తి ఆమె వైపు చూపించాడు. ఆవిడ చెబుతుందన్నట్టు.

లిండా తిరిగింది. "మీరు అతని భాష మాట్లాడతారు కదా డాక్టర్. మీతో ఏం చెప్పాడు?"

కిటికీ దగ్గర ఆయన బయట పార్కింగ్ లాట్‌ని చూస్తున్నాడు.

పద్మిని ఆయన వీపు వైపు చూసింది. పనిముట్లు కడిగిన మూడేళ్ళు. రెండుసార్లు రాని సీటు. టేబుల్ మీద మొదలుపెట్టని రిపోర్టు. జేబులో సగం నింపిన ఫారం తొడకు గుచ్చుకుంటోంది.

"ఐస్ మీద జారి పడ్డానన్నాడు," అంది.

అది అబద్ధం కాదు. వికాస్ ఆమెతో చెప్పిన మొదటి మాట అదే.

మంచం మీద కదలిక. దుప్పటి కింద నుంచి వికాస్ కుడిచేయి బయటికొచ్చింది. పిడికిట్లో ప్లయర్. లిండా చప్పున కుర్చీ వెనక్కి జరిపింది. అతను దాన్ని తిప్పి, పిడి ఆమెకు అందేలా చాచాడు. రెండో చేత్తో తన పళ్ళ మీది తీగలు చూపించాడు. కొయ్యి అన్నట్టు. గొంతులోంచి ఒక ధ్వని వచ్చింది కానీ వాపులో, తీగల్లో చిక్కుకుని మాటగా మారలేదు.

"ఏం కావాలి అతనికి?" అంది లిండా.

"నోరు తెరవమంటున్నాడు," అన్నాడు కాశీవిశ్వనాథం, తాపీగా. "మత్తు దిగాక అందరూ అదే అడుగుతారు. ఇప్పుడు తెరిస్తే పొద్దున చేసిందంతా పాడవుతుంది."

వైద్యం ప్రకారం ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఏ పుస్తకం తెరిచినా అదే ఉంటుంది.

పద్మిని ప్లయర్ అందుకుంది. మంచానికి కట్టిన తాడుకు మళ్ళీ తగిలించింది. ఆమె కోటు పై జేబులో రెండు పెన్నులున్నాయి. నర్సు బల్ల మీద కాగితాల కట్ట ఉంది. అవి ఆమెకు కనిపించాయి.

"వికాస్," అంది లిండా, వాచీ చూసుకుంటూ, "డాక్టర్ చెప్పింది నిజమేనా? నిజమైతే తల ఊపు."

వికాస్ చాలాసేపు పద్మినిని చూశాడు. తర్వాత తల ఊపాడు.

లిండా రాసుకుని, కార్డు ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం పద్మిని కేసు షీట్‌లో గాయం కారణం రాయాల్సిన గడి నింపింది. 'ఐస్ మీద జారి పడినట్టు రోగి చెప్పారు.' జేబులోని ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి కాగితాలు ముక్కలుచేసే డబ్బాలో వేసింది.

*

రెండు వారాల తర్వాత తీగలు విప్పింది ఆమే. వికాస్ కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"నొప్పి ఉందా తమ్ముడూ?"

"నో పెయిన్, డాక్టర్."

"కింది పెదవి మొద్దుగా ఉందా?"

"లెఫ్ట్ సైడ్, డాక్టర్. నో ఫీలింగ్."

"నరం కోలుకోవడానికి టైం పడుతుంది. ఆర్నెల్లు చూద్దాం. కాలేజీకి వెళ్తున్నావా? మిడ్‌టర్మ్ ఏమైంది?"

"ఐ మిస్డ్ ఇట్."

ఆమె తెలుగులో అడుగుతోంది. అతను ఇంగ్లీషులో చెబుతున్నాడు. గ్రామర్ ఎక్కడా పోలేదు.

నర్సు బయటికి వెళ్ళేదాకా ఆగి పద్మిని గొంతు తగ్గించింది. "వికాస్, ఇప్పటికైనా మించిపోలేదు. నువ్వు ఊ అంటే నేను మళ్ళీ రాస్తాను. లిండాతో మాట్లాడతాను."

వికాస్ కళ్ళు తెరిచాడు. ఇప్పటిదాకా పళ్ళు కదపకుండానే మాట్లాడినవాడు నోరు కూడా తెరిచాడు. పదిహేను రోజుల తర్వాత మొదటిసారి. రెండు వేళ్ళు పట్టేంత సందు.

"ఇట్స్ ఆల్రెడీ రిటెన్, డాక్టర్," అన్నాడు. "థాంక్యూ ఫర్ ద సర్జరీ."

వెళ్తూ వెళ్తూ ప్లయర్‌ని బల్ల మీద పెట్టాడు. అది ఆస్పత్రిది, తిరిగి ఇవ్వాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రాలేదు. ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యడం లేదు. వేల కిలోమీటర్ల అవతల సస్కటూన్‌లో స్నేహితుడి దగ్గరకు వెళ్ళిపోయాడని హాల్లో పనిచేసే ఇంకో కుర్రాడు చెప్పాడు. ఆ కుర్రాడు జ్ఞానదంతం నొప్పితో వచ్చాడు. పద్మిని అతని చెంపలు రెండూ దీపం కింద తిప్పి తిప్పి చూసింది. "ఏమైంది అక్కా?" అన్నాడు. "ఏం లేదు," అంది.

*

జూన్. టొరంటోలో ఒక హోటల్. ఓరల్ పరీక్షకు ఒక్కొక్కర్నీ ఒక్కో గదిలోకి పంపుతున్నారు. నాలుగో గదిలో ఇద్దరు ఎగ్జామినర్లు. తెల్లజుట్టు ఆవిడ ఒకరు, లావుపాటి ఆయన ఒకరు. ఇద్దరూ ఆమెకు కొత్త.

"ఇరవై రెండేళ్ళ పురుషుడు," అంది ఆవిడ. "ఐస్ మీద జారి పడ్డానంటున్నాడు. చూసి చెప్పండి."

తెర మీదకు ఎక్స్‌రే వచ్చింది. పేరు ఉండాల్సిన చోట నల్లటి పట్టీ. ఎడమ దవడ మూల చీలి ఉంది. అడ్డంగా జ్ఞానదంతం. కుడివైపు సన్నటి గీత. కింద కుడివైపు పెద్ద పన్ను వేరులో, వెన్నెల్లో గాజుపెంకులా, విరిగిన సూది మొన.

పద్మిని టేబుల్ అంచు పట్టుకుంది.

"రోగి మాటతో ఏకీభవిస్తారా డాక్టర్?"

"లేదు," అంది. "జారి పడితే గడ్డమూ కీళ్ళూ దెబ్బతినాలి. ఇక్కడ అవి బాగున్నాయి. ఎడమ మూలా, దానికి ఎదురు వైపు ముందు భాగమూ విరిగాయి. ఇది పిడికిలి. కొట్టినవాడు ఎదురుగా నిలబడ్డాడు. కుడిచేతి వాటం."

"బాగుంది. రోగి మాత్రం పడ్డాననే అంటున్నాడు. మీరేం చేస్తారు?"

ప్రశ్నకు జవాబు ఆమెకు కంఠతా వచ్చు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చెప్పింది. రోగితో ఒంటరిగా మాట్లాడతాను. వెంట వచ్చినవాళ్ళను బయటికి పంపుతాను. అతనికి తెలిసినవాళ్ళు, బంధువులు, అదే ఊరివాళ్ళు కాకుండా బయటి ఇంటర్‌ప్రెటర్‌ని పెడతాను. మాట్లాడలేకపోతే కాగితం, పెన్ను ఇస్తాను. చూసింది చూసినట్టు రాస్తాను. గాయం అతను చెప్పినదానితో సరిపోవడం లేదని కూడా రాస్తాను.

లావుపాటి ఆయన రాసుకోవడం ఆపి తలెత్తాడు. "కాగితం, పెన్ను. ఈ రోజు ఇప్పటిదాకా ఎవరూ ఆ మాట చెప్పలేదు."

"ఈ కేసు పంపిన సర్జన్ జవాబుల్లో కూడా అది లేదు," అంది ఆవిడ నవ్వి, తన కాగితం చూసుకుంటూ. "ఆయన రాసింది ఇంతే. 'అసలు కారణం: దాడి. ఎముకను నమ్మండి, రోగి మాటను కాదు.' మీరు వెళ్ళొచ్చు డాక్టర్. చాలా బాగా చెప్పారు."

కారిడార్‌లో మంచినీళ్ళ కూజా ఉంది. పద్మిని రెండు గ్లాసులు తాగింది. కోటు జేబులో ఫోన్ మోగింది.

"అయిందా అమ్మా?" కాశీవిశ్వనాథం గొంతు హుషారుగా ఉంది. "దవడ కేసు వచ్చిందా? నాలుగో గదిలో ఉండాలి. ఫిబ్రవరిలోనే పంపేశాను, నీకు సులువవుతుందని. ఇంకెవరికీ చెప్పకు."

"వచ్చింది సార్."

"పిడికిలి అన్నావుగా?"

"అన్నాను సార్."

"ఇంకేం! పాసైపోయినట్టే. శనివారం చిన్న పార్టీ పెట్టుకుందాం. డిపార్ట్‌మెంట్ వాళ్ళూ, మన తెలుగువాళ్ళూ ఒక యాభై మంది. అమరేశ్వరరావు హాలు ఇస్తానంటున్నాడు, వంట కూడా వాళ్ళదే. పాపం, నువ్వంటే ఎంత గౌరవమో ఆయనకి. కాదనకు."

హోటల్ అద్దాల తలుపు అవతల పిల్లలు కొందరు బ్యాక్‌ప్యాక్‌లతో బస్సు కోసం నిలబడ్డారు. అందులో ఒకడు తెలుగులో ఎవరినో ఫోన్లో తిట్టుకుంటూ నవ్వుతున్నాడు. నోరంతా తెరిచి.

పద్మిని వాడి వైపు నుంచి ముఖం తిప్పుకుంది.

"ఎన్నింటికి రావాలి సార్?" అంది.